మోడెం వెనక మూడో చుక్క

2018 జులై 26, గురువారం

కొత్త నోట్‌బుక్కు మొదలుపెట్టాను. పాతవి నాలుగింటిని ఎలుకలు తిన్నాయి. తొంభై మూడులో కోరుట్లలో డిష్ గొడుగు ఎత్తిన నాటి నుంచి నిరుటి దాకా నా బతుకంతా ఎలుకల కడుపులో ఉంది. వాటికి అరిగిందో లేదో గాని నాకైతే కొంత ఇంకా అరగలేదు.

మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితం మీద చదివాను, రోజుకొకరికి కృతజ్ఞత చెప్పుకుంటే గుండెకు మంచిదట. నేను నాలుగో తరగతిలో బడి విడిచినవాణ్ణి. నా చదువంతా ఇలాంటి కాగితాల మీదా, సెట్‌టాప్ బాక్సుల అట్టపెట్టెల్లో వచ్చే చిన్న పుస్తకాల మీదా సాగింది. కాబట్టి బజ్జీల కాగితాన్ని కాదనను. ఈ రోజు వానకు కృతజ్ఞత. పడనందుకు.

రాయాలనుకున్నది ఇది కాదు. పొద్దున పదకొండు గంటలకు శ్రవణ్ ఇంటి మోడెం వెనక మూడో చుక్క వెలిగింది.

అరవై ఏడేళ్ళ బుర్ర. రేపు ఇదే పేజీ తీసి ఏం చుక్క, ఎవరి చుక్క అని నన్నే అడుగుతుంది. అందుకని రాసి పెడతాను. నా కేబుల్ మీద ఇప్పుడు టీవీ, ఇంటర్నెట్ రెండూ పోతాయి. ఇంటింటికీ ఒక మోడెం. దాని వెనక ఎన్ని టీవీలు, ఎన్ని ఫోన్లు మా ఛానెళ్ళు చూస్తున్నాయో ఆఫీసు కంప్యూటర్‌లో కనిపిస్తుంది. ఒక్కోదానికి ఒక్కో చుక్క. చూస్తుంటే పచ్చగా ఉంటుంది, ఏ ఛానెలో పక్కనే పడుతుంది. కట్టేస్తే బూడిద రంగు. శ్రవణ్ ఇంట్లో మూడు చుక్కలు. ఒకటి టీవీ. ఒకటి వాడి భార్య భాగ్య ఫోను. మూడోది శ్రవణ్ ఫోను.

శ్రవణ్ కోరుట్లలో లేడు. పన్నెండేళ్ళు నన్ను కాకా అంటూ నా దగ్గర లైన్‌మన్‌గా చేసి, నిరుడు ఫిబ్రవరిలో దుబాయి పోయాడు. తనే పోతానన్నాడు. పోయే ముందు ఇంట్లో గూట్లో ఒక పాత ఫోను పెట్టి, దాని మీదుగా దుబాయి నుంచే ఇంటి మోడెంలోకి దూరే ఏర్పాటు ఏదో చేసుకున్నాడు. అక్కడ పడుకొని చూసినా మా లెక్కలో కోరుట్ల ఇంట్లో కూర్చుని చూసినట్టే పడుతుంది. ఇది రూలు కాదు. నాకు తెలుసు. ఊరుకున్నాను.

డిసెంబరు నుంచి వాడు ఇంటికి ఫోను చేయలేదు. పాత నంబరు పలకదు. కంపెనీని అడిగిస్తే క్యాంపు విడిచి పారిపోయాడన్నారు. ఏడు నెలలయింది. ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు.

మరి ఆ ఫోను ఎవరి చేతిలో ఉంది?

జులై 30, సోమవారం

మళ్ళీ వెలిగింది. పదకొండుకు. అరగంట ఉండి ఆరిపోయింది. చూసింది మా లోకల్ ఛానెలే.

మా లోకల్ ఛానెల్ గురించి దేవవ్వ అభిప్రాయం ఇక్కడ రాసి ఉంచాలి, ఆమె నా భార్య కనుక. ఒకప్పుడు ఆ ఛానెల్‌లో ఊళ్ళో పెళ్ళిళ్ళ క్యాసెట్లు వేసేవాళ్ళం. ఇప్పుడు ఎవరి పెళ్ళి వాళ్ళ ఫోనులోనే ఉంటుంది. వేయడానికి ఏమీ లేక మార్చిలో ఆఫీసు కిటికీకి ఒక కెమెరా బిగించి కింది వీధిని వదిలాను. పొద్దంతా వీధే. పైసలిచ్చి ఎవరి వాకిలి వాళ్ళే చూసుకోవాలా అని దేవవ్వ అడిగింది. మంచి ప్రశ్నే. కాని చూస్తున్నారు. కూరగాయల బండి వచ్చిందో లేదో టీవీలో చూసి గడప దిగేవాళ్ళున్నారు. ఎదురుగా బీడీ కార్ఖానా. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి ఆడవాళ్ళు గంపలు పట్టుకొని వస్తారు. ఎవరికి ఏ చీర ఉందో ఊరికంతా తెలిసింది.

పాత లెక్కలు తీసి చూశాను. మూడో చుక్క మార్చిలోనే వెలిగింది, ఏప్రిల్‌లో వెలిగింది, మేలో వెలిగింది. ఎప్పుడూ సోమవారం, గురువారం. నేనే గమనించలేదు. గమనించకూడదనే నా నియమం.

మా నాయన తాటిచెట్లు గీసేవాడు. ఇళ్ళ నడుమ చెట్టు ఎక్కాలంటే మోకు బిగించే ముందు గట్టిగా దగ్గేవాడు. పైనుంచి అందరి వాకిళ్ళు, స్నానాల దడులు కనిపిస్తాయి. ఆ దగ్గు విని కింద ఆడవాళ్ళు కొంగులు సర్దుకునేవాళ్ళు. చెట్టెక్కినవాడికి కల్లే కనిపించాలి, ఇళ్ళు కనిపించకూడదు అనేవాడు. నేను చెట్లెక్కలేదు, స్తంభాలెక్కాను. శ్రవణ్‌కూ అదే నేర్పాను. గుమ్మం ముందు దగ్గు. లోపల తీగె మీదే చూపు. మంచం మీద ఎవరున్నా, పొయ్యి మీద ఏమున్నా బయటికొచ్చి చెప్పొద్దు. ఇరవై అయిదేళ్ళలో ఒకరింటి మాట నా నోటి నుంచి ఇంకొకరింటికి పోలేదు. ఈ చుక్కలు వచ్చాక మాత్రం దగ్గకుండా చెట్టెక్కినట్టుంది నా పని. బ్యాంకు మేనేజరు ఇంట్లో మధ్యాహ్నం ఏ ఛానెల్ వెలుగుతుందో నాకు తెలుసు. ఇక్కడ కూడా రాయను.

ఎవడో ఆ ఫోను కొనుక్కొని ఉంటాడు. సెకండ్ హ్యాండ్. అంతే.

ఆగస్టు 2, గురువారం

ఎవడో కొనుక్కోలేదు.

పొద్దుటి నుంచి వాన. కార్ఖానాకు ఎవరూ రాలేదు. చుక్క మాత్రం పదకొండుకు వెలిగింది. పన్నెండయింది. ఒకటయింది. ఆరలేదు. తెర మీద ఉన్నదల్లా ఖాళీ వీధి, వాన, అరుగు కింద ఒక కుక్క. బుద్ధి ఉన్నవాడెవడూ అయిదు గంటల సేపు దాన్ని చూడడు. నేను అన్నానికి కూడా పోలేదు. నాలుగింటికి వాన తెరిపిచ్చింది. భాగ్య గంప మీద ప్లాస్టిక్ కవరు కప్పుకొని వచ్చింది, బీడీలు అప్పజెప్పింది, పోయింది. ఆమె పోయిన నిమిషానికి చుక్క ఆరిపోయింది.

మా వాడకట్టు వాళ్ళు బీడీలు ఇచ్చేది సోమవారం, గురువారం. పదకొండుకు.

శ్రవణ్ బతికే ఉన్నాడు. పెళ్ళాన్ని చూసుకుంటున్నాడు.

ఈ రోజు కృతజ్ఞత కూడా వానకే. పడినందుకు.

ఆగస్టు 3

దేవవ్వకు చెప్పలేదు.

ఆగస్టు 9, గురువారం

వెలిగింది. భాగ్య పైకి చూడదు. ఎందుకు చూస్తుంది?

చెప్పాలి. చెబితే నీకెట్ల ఎరుక అని అడుగుతుంది. అప్పుడు కంప్యూటర్ చూపాలి. వారం తిరిగేసరికి కేబుల్ ముత్యం మన ఇళ్ళలోకి తొంగి చూస్తాడని ఊరంతా అంటుంది. ఆరు వందల ఇళ్ళ కేబుల్ రెండు వందలకు వచ్చింది. ఆ మిగిలినవాళ్ళు ఉన్నది నా మీద నమ్మకంతో, నా సిగ్నల్ మీద నమ్మకంతో కాదు. పైగా దాక్కున్నవాణ్ణి పట్టిచ్చినట్టు అవుతుంది. వాడికి ఏ కారణం ఉందో. అందుకే చెప్పడం లేదు. వేరే కారణమేమీ లేదు. శ్రవణ్ తనే పోతానన్నాడు.

పేపర్లో వేశారు. దుబాయిలో వీసా లేకుండా ఉన్నవాళ్ళకు ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, ఇచ్చారట.

ఆగస్టు 13, సోమవారం

జగిత్యాల పోయి వచ్చాను. బస్సులో నా పక్కన కూర్చున్నాయన మెట్‌పల్లిలో ఎక్కినవాడు, దారంతా పసుపు ధర చెప్పుకుంటూ వచ్చాడు, దిగేటప్పుడు నాకు రెండు పసుపు కొమ్ములిచ్చాడు. ఎందుకిచ్చాడో తెలియదు. ఈ రోజు కృతజ్ఞత ఆయనకు.

గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ళ కోసం కొందరు అక్కడ ఒక గది తీసుకొని కూర్చుంటారు. సామేలు అనే ఆయన కనిపించాడు. పద్నాలుగేళ్ళు షార్జాలో చేసి వచ్చినవాడు, కాగితాలన్నీ నోటికి వచ్చు. ఆమ్నెస్టీ అక్టోబరు ఆఖరు దాకా ఉందట. ఆలోగా వాళ్ళంతట వాళ్ళు పోయి వేలిముద్ర వేస్తే జరిమానా లేదు, జైలు లేదు, అవుట్‌పాస్ అనే కాగితం ఇచ్చి ఇంటికి పంపుతారు. దాటితే, దొరికిన నాడు లోపలేస్తారు, ఎప్పుడు వస్తారో చెప్పలేం అన్నాడు.

“మీ పిలగాడు యాడున్నడు ముత్యమన్నా?”

మోడెం వెనక ఉన్నాడు అనబోయి, కనుక్కోవాలి అన్నాను.

ఎవరు పంపారు అని అడిగాడు. తనే పోతానన్నాడు అని చెప్పాను. ఆయన రాసుకోలేదు. అందరూ అదే చెబుతారు కాబోలు.

ఆగస్టు 16, గురువారం

ఛానెల్ అడుగున పరుగెత్తే పట్టీలో వేశాను: గల్ఫ్‌లో ఉన్న అన్నలకు గమనిక, అక్టోబరు 31 లోగా. సామేలు నంబరు, నా నంబరు.

చుక్క పదకొండుకు వెలిగింది, పదకొండున్నరకు ఆరింది. ఫోను రాలేదు.

ఆగస్టు 27, సోమవారం

పట్టీ పోతూనే ఉంది. ముగ్గురు ఫోను చేశారు. ఇద్దరు కతార్‌లో ఉన్నవాళ్ళ తల్లులు. ఒకాయన తన బర్రె తప్పిపోయిందని పట్టీలో వేయమన్నాడు. వేశాను. బర్రె సాయంత్రానికి దొరికింది.

వాడు భాగ్యను చూస్తాడు గాని అడుగున అక్షరాలు చూడడేమో. లేక చూసే ఊరుకున్నాడేమో.

సెప్టెంబరు 6, గురువారం

ఇది పెద్దగా రాయాలి.

పదకొండుకు చుక్క వెలగలేదు. పదకొండుంబావు. లేదు.  తర్వాత చూస్తే మూడో చుక్క ఒక్కటే కాదు, ఆ ఇంటి మోడెమే తెర మీద లేదు. తీగె తెగిందేమో అనుకొని లేస్తుంటే మెట్ల మీద అడుగులు వినిపించాయి. భాగ్య వచ్చింది. చంకలో తువాలలో చుట్టిన మోడెం. వెనక వాళ్ళన్న రాజేందర్, సిరిసిల్ల పక్క తంగళ్ళపల్లి నుంచి వచ్చాడు.

కనెక్షన్ తీసేయమని వచ్చారు. రాజేందర్ మాటల్లో వంకరేమీ లేదు. సిరిసిల్లలో బతుకమ్మ చీరల పని నడుస్తోంది, సాంచలు, అంటే మరమగ్గాలు, ఆగడం లేదు, తనూ వాటి మీదే నేస్తున్నాడు, చెల్లెకూ కండెలు చుట్టే పని దొరుకుతుంది, తల్లి దగ్గర ఉంటుంది. ఇక్కడ ఎవరి కోసం ఉండాలి అన్నాడు. తొమ్మిది నెలలయింది, ఎవరి కోసం అని ఇంకోసారి అన్నాడు. భాగ్య మోడెం నా బల్ల మీద పెట్టి, తువాల మడత పెట్టుకుంటోంది.

నేను గట్టిగా దగ్గాను. రాజేందర్ నీళ్ళు తాగమన్నాడు.

“శ్రవణ్ ఉన్నడు బిడ్డా. నువ్వు బీడీలియ్య అచ్చినప్పుడల్లా నిన్ను సూస్తుండు.”

నా కుర్చీ ఆమెకిచ్చాను. పాత లెక్కలు తెరిచి పెట్టాను. ఆమె ఏడో తరగతి చదివింది, నాకంటే మూడు తరగతులు ఎక్కువ. తారీఖుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే కిందికి దిగింది. సోమవారం, గురువారం, సోమవారం, గురువారం. వాన పడిన రోజు దగ్గర వేలు ఆగింది. ఆ రోజు ఆమె ఎన్నింటికి వచ్చిందో ఆమెకు గుర్తుంది.

ఎన్ని రోజుల నుంచి అని అడిగింది. మార్చి నుంచి అన్నాను. నాకెప్పుడు తెలిసింది అని అడిగింది. నెల దాటింది అన్నాను. తిడుతుందనుకున్నాను. కిటికీలోంచి కింది వీధిని చాలాసేపు చూసింది.

“మొఖం గూడ కడుక్కోకుంట అచ్చిన దినాలున్నయి మామ,” అంది.

అప్పుడిక నా నోరు ఆగలేదు. ఈ పుస్తకంలో మూడు చోట్ల రాసిన అబద్ధం ఆమె ముందు చెప్పలేకపోయాను. శ్రవణ్ తనే పోతాననలేదు. నేనే పొమ్మన్నాను. కొత్త కంపెనీల వైర్లు వచ్చి నా ఇళ్ళు రాలిపోతుంటే, వాడి జీతం ఇవ్వలేక, ఆ మాట వాడి మొహం మీద చెప్పలేక, దుబాయిలో మంచిగుంటుందట అని వారం రోజులు వాడి చెవిలో పోరాను. ఏజెంటు నంబరు నేనే ఇచ్చాను.

“గది మాకెరుకే మామ. గా దినమే ఇంటికచ్చి జెప్పిండు. కాకకు నోరు రాక గట్ల సుట్టు తిప్పుతుండని నవ్విండు.”

నవ్వాడట.

తర్వాత ఏం చేయాలో ముగ్గురం మూడు రకాలు చెప్పాం. రాజేందర్, అట్ట మీద పెద్దగా రాసి కెమెరా ముందు పట్టుకొమ్మన్నాడు. నేను, పట్టీలో శ్రవణ్ పేరు పెట్టి వేస్తానన్నాను. భాగ్య రెండూ వద్దంది. కోరుట్లంతా చదువుతుంది అంది. మోడెం మళ్ళీ తువాలలో చుట్టుకుంది.

“దీన్ని పోయి మల్ల పెట్టుకుంట. లైటు ఎలగనియ్యి. నేనే కనవడ. ఆర్నెల్లు ఆయన నన్ను సూసిండు, నేనాయనను సూడలె. ఇగ ఆయననే అడగాలె నేనేడున్ననో.”

ఒకవేళ అడగకపోతే, చూడటమే మానేస్తే అని నేనన్నాను. ఉన్న ఒక్క దారమూ తెగుతుంది. అక్టోబరు ఎంతో దూరం లేదు. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది. రాజేందర్ చేతులు చాపి, చెల్లె ఎన్నడన్న ఇన్నదా నా మాట అని, ఆయనా దిగి ఒక్కడే సిరిసిల్ల బస్సెక్కాడు.

దేవవ్వకు చెప్పక తప్పలేదు, భాగ్య బీడీలు ఎవరో ఒకరు మోయాలి కదా. నెల పైన కడుపులో పెట్టుకున్నందుకు ఒకటి, వాణ్ణి పొమ్మన్నందుకు ఒకటి, రెండూ విడివిడిగా తిట్టింది. అన్నం మాత్రం వేడిగా పెట్టింది. కృతజ్ఞత ఆమెకు, ఈ రోజుకే కాదు.

సెప్టెంబరు 10, సోమవారం

దేవవ్వ పెట్టెలోంచి కొత్త చీర తీసింది. బీడీల గంప మోయడానికి ఆ చీరేమిటి అంటే, దుబాయి దాకా కనిపిస్తుందని నువ్వే కదా అన్నావు అంది. గంప నెత్తిన పెట్టుకొని వీధి నడుమ నుంచి పోయింది, ఎవరూ నడవనంత మెల్లగా.

చుక్క పదకొండుకు వెలిగింది. సాయంత్రం ఆరింటికి ఆరింది.

సెప్టెంబరు 13, గురువారం

వినాయక చవితి. కార్ఖానా బందు. అయినా వెలిగింది.

సెప్టెంబరు 14

శుక్రవారం ఎన్నడూ వెలగని చుక్క ఈ రోజు వెలిగింది. పొద్దున ఎనిమిది నుంచి ఆరకుండా ఉంది. నాకు చూడబుద్ధి కాలేదు. దాహమైనవాడు బావి గట్టు మీద కూర్చున్నట్టుంది.

భాగ్య ఇంటికి పోయాను. గుమ్మం ముందు దగ్గాను. ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. ఇక చాలు బిడ్డా, ఒక్కసారి వీధిలోకి వచ్చి పో అని అడిగాను. తల ఎత్తలేదు.

“ఎలిగిందా?”

పొద్దుటి నుంచి అన్నాను.

తలాడించింది. ఆకులో తంబాకు పోసి చుట్టబోయింది, విచ్చుకుంది. మళ్ళీ చుట్టింది, మళ్ళీ విచ్చుకుంది. పదిహేనేళ్ళుగా రోజుకు వెయ్యి చుట్టే చెయ్యి. మూడోసారి చుట్టి దారం కట్టింది. రాను మామ, అంది.

సెప్టెంబరు 15

వెలుగుతోంది. నలభై ఆరు రోజులున్నాయి.

సెప్టెంబరు 16

పొద్దున వెలగలేదు. మధ్యాహ్నం వెలగలేదు. సాయంత్రం కూడా. ఏమీ రాయలేను.

సెప్టెంబరు 17, సోమవారం

దేవవ్వ గంపతో కార్ఖానా గడప ఎక్కుతుండగా పదకొండూ ఇరవైకి నా ఫోను మోగింది. దుబాయి నంబరు.

“కాకా.”

ఎవరు అని అడిగాను, తెలిసి కూడా. గొంతు నమ్మలేక.

“సిన్నమ్మ ఎందుకు మోస్తుంది గంప? భాగ్యకేమైంది? పానం బాగలేదా? ఉన్నదా?”

 ఉంది, మంచిగానే ఉంది, నీకేమయింది చెప్పు అన్నాను. కింద వీధిలో ఆటో హారన్ కొట్టింది. నాలుగు క్షణాల తర్వాత అదే హారన్ ఫోనులోంచి వినిపించింది. తెర ఎదురుగా పెట్టుకునే మాట్లాడుతున్నాడు.

డిసెంబరులో పడ్డాడట. వీసాలో రాసిన పని ఒకటి, చేయించిన పని ఒకటి. నిచ్చెన జారింది, మోకాలు పోయింది. ఆసుపత్రిలో కాగితాలు అడుగుతారని భయపడి తోటివాళ్ళు సోనాపూర్‌లో తమ గదికి మోసుకుపోయారు. పని మీదికి రాలేదు కనుక పారిపోయాడని కంపెనీ రాసింది. అప్పటి నుంచి ఆ గదిలోనే, కింది మంచం మీద. ఆరుగురు పనికి పోయి వచ్చి వీడికి వండి పెడుతున్నారు. జగిత్యాల వాళ్ళు ఇద్దరు, నేపాల్ అతను ఒకడు, మిగతావాళ్ళు ఎవరో. వాళ్ళ పేర్లు అడిగి రాసుకున్నాను. ఈ రోజు కృతజ్ఞత పేజీ నిండిపోయింది.

ఫోను ఎందుకు చేయలేదు అన్నాను.

“ఏమని జెప్పాలె కాకా. పన్నెండేండ్లు కోరుట్లల ఒక్క స్తంభం మీదికెల్లి జారలె. గాడ నిచ్చెన మీదికెల్లి పడ్డనని జెప్పాల్నా? ఆమె బీడీలు జేసుకుంట మంచిగ నడుస్తుంది. సూసి, ఇగ సాలనుకున్న.”

పట్టీ చూశాడట. వేలిముద్ర వేస్తే పట్టుకొని లోపలేస్తారని గదిలో ఎవరో అన్నారట, పోలేదు. ఆమె లేని వీధి ఇక చూడలేక, నిన్న రోజంతా తెర తీయకుండా ఫోను దాచమని పక్క మంచం అతనికిచ్చాడట. ఈ పొద్దు మళ్ళీ అడిగి తీసుకున్నాడట. సామేలు చెప్పినవన్నీ రెండుసార్లు చెప్పాను. ఆలోచిస్తా కాకా అన్నాడు. ఆలోచిస్తా అన్నవాళ్ళు మళ్ళీ ఫోను చేయరని ఇరవై అయిదేళ్ళ వ్యాపారంలో నాకు తెలుసు. అప్పుడు భాగ్య మాట చెప్పాను. ఆమె ఇలాగే అనలేదు. కాని అన్నది ఇదే.

“సూసుడు అయిపోయిందట. సూడాల్నంటే అచ్చి సూడుమన్నది.”

చాలాసేపు ఫోనులో మా వీధి చప్పుడే వినిపించింది. దేవవ్వ ఎవరితోనో చవితి ఉండ్రాళ్ళ గురించి మాట్లాడుతోంది, ఒకసారి కిటికీలోంచి, ఒకసారి దుబాయి నుంచి. తర్వాత ఆ చప్పుడు ఆగిపోయింది. కంప్యూటర్ వైపు చూశాను. చుక్క ఆరింది. వాడే ఆర్పుకున్నాడు.

“ఆమె నంబరు గదేనా కాకా?”

అదే అన్నాను. పెట్టేశాడు. తర్వాత వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నా కంప్యూటర్‌లో కనపడదు. కనపడినా చూడను.

సెప్టెంబరు 20, గురువారం

గంప పట్టుకొని భాగ్యే వచ్చింది. మొహం కడుక్కొని, పూలు పెట్టుకొని. చుక్క వెలగలేదు. వస్తానన్నవాడు చూడనన్నాడట. పంతంలో ఎవరూ తక్కువ కాదు.

దేవవ్వకు కొంచెం చిన్నబోయినట్టుంది. కొత్త చీర మడత పెట్టి లోపల పెట్టింది.

అక్టోబరు 4

గది వాళ్ళు సెలవు పెట్టుకొని భుజాల మీద మోసి ఆమ్నెస్టీ డేరాకు తీసుకుపోయారు. వేలిముద్ర పడింది. ఎవరూ పట్టుకోలేదు. నీళ్ళ సీసా ఇచ్చి కూర్చోబెట్టారట. సామేలు జగిత్యాల నుంచి ఫోను చేసి, అవుట్‌పాస్‌కు ఇంకో పది రోజులు అన్నాడు. ఆయన సొంత తమ్ముడి సంగతి చెప్పినట్టు చెప్పాడు.

అక్టోబరు 15

రాలేదు. అవుట్‌పాస్ మీద ఏదో ముద్ర తక్కువయిందట.

అక్టోబరు 19

ముద్ర పడింది.

అక్టోబరు 25, గురువారం

శ్రవణ్ వచ్చాడు. వాళ్ళింటి సంగతి వాళ్ళది.

అక్టోబరు 29, సోమవారం

పొద్దున పదింటికి కర్ర చప్పుడు వినిపించింది. నేనే దిగి వస్తానంటే వద్దన్నాడు. పద్దెనిమిది మెట్లు. ఒక్కో మెట్టుకు ఆగి ఎక్కాడు. గుమ్మం దగ్గర దగ్గాడు. బరువు తగ్గాడు, నెత్తి మీద తెల్ల వెంట్రుకలు వచ్చాయి, ముప్ఫై ఎనిమిదేళ్ళకే. నా కుర్చీలో కూర్చోబెట్టాను.

చెప్పాలనుకున్నవన్నీ నోటి దాకా వచ్చాయి. ఏజెంటు నంబరు, పోరిన వారం రోజులు, ఈ పుస్తకంలో రాసుకున్న అబద్ధం. మొదలుపెట్టాను గాని వాడు వినడం లేదు. కంప్యూటర్‌లో మా లోకల్ ఛానెల్ నడుస్తోంది, దాన్నే చూస్తున్నాడు. కార్ఖానా తెరుస్తున్నారు. వైర్లు అట్లా వేలాడుతున్నాయేం, ఎవడు కట్టాడు అన్నాడు. నేనే కట్టానన్నాను. తెలుస్తూనే ఉంది అన్నాడు.

కాలు ఎలా ఉంది అంటే కరీంనగర్‌లో చూపించాలన్నాడు. స్తంభాలు ఎక్కలేనన్నాడు. కిందివి చూస్తానన్నాడు, మోడెంలు, ఇళ్ళలో పనులు. జీతం మాట ఎత్తబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

“గది ఇయ్యాల గాదు కాకా. నీకో మాట జెప్పాల్నని ఆర్నెల్ల సంది అనుకుంటున్న.”

 అను, ఏదైనా అను, నాకు తగినదే అన్నాను.

“గా కెమెరా కొంచెం ఎడమకు తిప్పాలె. కార్ఖానల్నించి అచ్చి మూల తిరిగినంక ఆమె కనవడకపోతుండె. ఇంకో పది అడుగులు కనవడ్తుండె, నువ్వు తిప్పితే.”

అంతే. వాడు అడగడానికి దాచుకున్నది అంతే.

కోరుట్ల వాళ్ళు ఇంకా ఎందరు ఏ గదుల్లో పడుకొని ఈ వీధిని చూస్తున్నారో. స్టూలు లాక్కొని ఎక్కాను. పన్నెండేళ్ళు వాడు పైన ఉంటే నేను కింద నిలబడి చెప్పేవాణ్ణి. వాడు కుర్చీలోంచి తెర చూస్తూ ఇంకింత, ఇంకింత అన్నాడు.  తిప్పుతూ పోయాను.

“సాలు కాకా. దిగు. మెల్లగ.”